ఎండకు వెలిసిన అమెథిస్ట్

ఆరేళ్ల కిందట ఓ వానరోజు, బస్సు కోసం నిలబడ్డ టీచరమ్మ తల దాచుకోవడానికి ఎదురుగా ఉన్న రంగురాళ్ల కొట్లోకి దూరింది.

"ఊరికే నిలబడితే బాగుండదు, ఏదైనా చూపించండి. కొననని ముందే చెప్తున్నా."

"చూస్తే అరగదు లెండి. గాజుకంటే గట్టిది" అన్నాడు రాళ్లు పొదిగే యువకుడు, అమెథిస్ట్ రాయి తీసి దీపం కింద తిప్పుతూ. నిండు వంగపండు రంగు. తిప్పినప్పుడల్లా లోపల ఎర్రటి జీర. "ఎండ ఒక్కటే దీనికి పడదండీ."

"వజ్రంలా కళ్లలో పొడవడం లేదు. పొగరు లేని రాయి."

"మరి అమ్మేవాడికో?"

"అది వాన తగ్గాక చెప్తా" అని నవ్వింది. వాన తగ్గింది, చెప్పకుండానే వెళ్లిపోయింది.

మర్నాడు రాయి వీధివైపు అద్దాల అరలోకి చేరింది.

"ఎండలో పెట్టకూడదని నేర్పలేదట్రా?" అన్నాడు తండ్రి.

"చూసేవాళ్లుండాలి కదా నాన్నా."

"చూసేవాళ్లెవరో నాకూ కనిపిస్తున్నార్లే."

రెండేళ్లపాటు రోజూ సాయంత్రం బస్టాపులో నిలబడి ఆమె రాయిని చూసేది, అతను ఆమెను చూసేవాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆమెకు ట్రాన్స్‌ఫరైంది.

నాలుగేళ్లకు, ఇవాళ, మళ్లీ వానలో తడిసి వచ్చింది.

"మళ్లీ ఇక్కడికే వేయించుకున్నా. ఆ రాయి ఉందా? ఈసారి కొంటాను."

అరలోంచి తీసి ముందు పెట్టాడు. ఆమె మొహం చిన్నబోయింది.

"ఇది కాదు. దాన్ని అమ్మేశారా?"

"అదేనండీ. ఎండకి వెలిసిపోయింది."

"తెలిసీ ఎండలో పెట్టారా?"

"లోపల పెడితే మీకు కనిపించదు కదా."

"నేను వెళ్లి నాలుగేళ్లయింది!"

"తీసేస్తే, మీరిక రారని ఒప్పుకున్నట్టేగా."

ఆమె కళ్లు నిండాయి. "నా బస్సు నాలుగింటికే వచ్చేసేది. అయిదుదాకా ఎందుకు నిలబడేదాన్నో ఒక్కసారైనా అడిగారా? బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నారు!"

లోపలి గదిలోంచి తండ్రి దగ్గాడు. "నిండు రంగుది ఇంకోటుందమ్మా, తీయమంటావా?"

"వద్దు మావయ్యా. నాకు ఇదే కావాలి."

ఆ పిలుపుకి పెద్దాయన గడప దాకా వచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకా చూస్తావేంరా? వేలి కొలత తీసుకో."

కొలత రెండుసార్లు తప్పాడు. మూడోసారి అడగకుండానే ఆమె చెయ్యి చాపింది.