పద్దెనిమిదో నంబరు క్వార్టర్లో ఖాళీ ఉయ్యాల

సీలేరు కాలనీలో పదిహేడో నంబరు క్వార్టరు పేరెత్తితే పట్టపగలే గొంతులు తగ్గిపోతాయి. అందులో ఉండే ఇంజనీరు సర్వేశ్వరరావు ఓ రాత్రి గ్యాసు పొయ్యి కూడా వదిలేసి పోయాడట. ఎందుకో తెలిసినవాళ్లు లేరు, చెప్పేవాళ్లు మాత్రం పదిమంది. ఇక ఈ వారం నుంచీ చీకటి పడితే చాలు, లోపల ఆడగొంతు జోల పాడుతోందని వాచ్‌మన్ యర్రయ్య ఒట్టేశాడు. తాగి విన్నాడో, విని తాగాడో...

దానికి గోడ కలిసిన పద్దెనిమిదిలో ఉండే క్రిస్టినా భయం వేరు. కాన్పు సెలవు అయిపోవస్తోంది, పై సోమవారం బళ్లో చేరాలి. ఆర్నెల్ల కూతురేమో రెండు గంటలు ఊపితేగానీ కన్ను మూయదు. పిల్లకి తనంతట తాను పడుకోవడం రాకపోతే టీచరు ఉద్యోగం పోయినట్టే.

"మెలకువగా ఉండగానే పడుకోబెట్టి గదిలోంచి వచ్చెయ్" అంది కాలనీ ఆస్పత్రి నర్సమ్మ.

అత్త మగ్దలేనమ్మకి ఒళ్లు మండింది. "మా వంశంలో ఊపకుండా నిద్దరోయినోళ్లంతా సమాధుల్లో ఉన్నారే" అంది. చివరికి బైబిలు మీద చెయ్యేసి, గదిలో అడుగుపెట్టనని మాటిచ్చింది. రోజూ ఎనిమిదికల్లా ప్రార్థనకని వెళ్లిపోయేది.

వారం గడిచింది. చీర ఉయ్యాలలో వేసి బయటికొస్తే పిల్ల కాసేపు ఏడ్చి ఊరుకునేది.

ఆదివారం క్రిస్టినా ఇంకాస్త తెగించింది. ఉయ్యాల కూడా వద్దని, నేల మీద పరుపేసి పడుకోబెట్టి, తలుపు చాటున నిలబడింది. పిల్ల గునిసింది... పిడికిలి చీకింది... నిద్రపోయింది.

క్రిస్టినా కళ్లు తుడుచుకుంది. అప్పుడు వినిపించింది —

కిర్రు... కిర్రు...

ఖాళీ ఉయ్యాల ఊగుతోంది.

కిటికీ మూసే ఉంది. గాలి లేదు. గోడ అవతల, పదిహేడులో... సన్నగా జోల.

టార్చి వేసింది. ఉయ్యాల అడుగునుంచి ఓ నల్ల తాడు. అది గోడ పైనున్న వెంటిలేటరులోంచి అవతలికి పోయింది.

చెప్పు చేత్తో పట్టుకుని వెళ్లి పదిహేడు తలుపు తోసింది. చీకట్లో తెల్ల చీర. చాచిన కాలు. బొటనవేలికి తాడు.

"అత్తా... ఏటి సేత్తన్నావు?"

"గదిలోకి రానన్నాను. పక్కింట్లోంచి ఊపనన్నానా?" గుసగుసలాడింది మగ్దలేనమ్మ. "మెల్లిగా మాటాడు, గుంట లెగుత్తాది."

"గుంట ఉయ్యాల్లో లేదత్తా. పరుపు మీద నిద్దరోతంది."

కాలు ఆగింది. "ఎవులు ఊపేరు?"

"ఎవులూ ఊపలేదు."

మగ్దలేనమ్మ మొహం పాలిపోయింది. కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవులూ ఊపకుండానే... నిద్దరోయిందా? బేగి పాస్టరుగార్ని పిలవే. గుంటకి ఏదో పట్టింది."

క్రిస్టినా సోమవారం బళ్లో చేరింది. పిల్ల ఎనిమిదింటికల్లా తనంతట తానే పడుకుంటోంది. ఖాళీ ఉయ్యాల మాత్రం కిర్రు... కిర్రు... ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. వేలికి తాడు లేనిదే మగ్దలేనమ్మకి నిద్ర పట్టడం లేదు.