అత్తగారి చేతిలో కంప్లైంట్ ఫోను

"సాయంత్రానికల్లా నెట్ రాకపోతే మీ తీగలు మీరు చుట్టుకుని పొండి! పెద్ద కంపెనీవాళ్ళు రెడీగా ఉన్నారు!" అని గుమ్మంలోనే తెగేసి చెప్పి వెళ్ళిపోయాడు కాలనీ ప్రెసిడెంటు.

కోడలు కుర్చీలో కూలబడిపోయింది. ఊరి చివర కట్టిన ఈ ఇళ్ళవైపు ఏ కంపెనీ కన్నెత్తి చూడని రోజుల్లో, భర్త ఇచ్చిన ధైర్యంతో ఇంటింటికీ నెట్ ఇవ్వడానికి తానే నడుం కట్టింది. ఇల్లిల్లూ తిరిగింది, నిచ్చెనలెక్కింది, తీగలు లాగింది... ఇవాళ నీళ్ళపైపు కోసం రోడ్డు తవ్విన మిషన్ అసలు తీగనే తెంపేసింది! భర్తేమో డ్యూటీ మీద పొరుగూరు వెళ్ళాడు. ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే తిట్లు... ఎత్తకపోతే ఇంకా తిట్లు!

"ఏడు, ఏడు! కన్నీళ్ళతో తీగ అతుక్కుంటుందేమో చూద్దాం!" అంటూ వంటింట్లోంచి వచ్చింది అత్తగారు. కాపురానికొచ్చిన నాటినుంచీ ఆవిడ నోట ఒక్క మంచిమాట వినలేదు కోడలు. నెట్ మిషన్లకు చల్లగా ఉండాలని తన గది ఖాళీచేసి ఇచ్చి, హాల్లో పడుకుంటున్నది కూడా సణుక్కుంటూనే! "ఆ దిక్కుమాలిన ఫోను ఇలా పడేసి నువ్వెళ్ళి తీగ సంగతి చూడు."

"వాళ్ళతో మీరు మాట్లాడటం..."

"ఏం, నాకు నోరు లేదనా?"

ఆ నోటి సంగతి కోడలికి తెలియంది కాదు! ఫోను ఆవిడ చేతిలో పెట్టి, సామాను సంచీ భుజాన వేసుకుంది.

రోడ్డు మీది గోతిలో కూర్చుని, తెగిన తీగలోని వెంట్రుకంత సన్నని గాజుపోగుల్ని అతికిస్తుంటే ఎండకు కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి జారింది... అతుకు విరిగింది. మళ్ళీ మొదలు! అంతలో తలమీద నీడ పడింది. చీటికీమాటికీ ఫోనులో కయ్యానికి దిగే టైలరమ్మ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది!

"మీ అత్తగారు పంపారమ్మా. తిడదామని ఫోన్ చేస్తే, 'బంగారంలాంటి నా కోడలు పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా మీకోసం ఎండలో మాడుతోంది. ముందెళ్ళి గొడుగు పట్టు, తర్వాత తిట్టు' అన్నారు!"

వెనకాలే మంచినీళ్ళ సీసాతో ప్రెసిడెంటు భార్య! ఆమెకూ అదే ఆజ్ఞట!

కోడలు చేతిలో పని ఆపేసింది. "నన్నా... నన్ను బంగారమన్నారా?" కొంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంది. ఈసారి అతుకు నిలిచింది.

పొద్దువాలకముందే ఇళ్ళన్నిటికీ నెట్ వచ్చింది. ఇల్లు చేరేసరికి అత్తగారి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఆ మాట నాతో ఒక్కసారైనా అనలేదేం అత్తయ్యా!" అంటూ ఆవిడ ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది కోడలు.

"అంటే నెత్తికెక్కుతావని!" అంది ఆవిడ. కానీ మట్టికొట్టుకుపోయిన ఆ జుట్టును నిమిరే చేతికి మాత్రం ప్రేమను దాచడం చేతకాలేదు...

మళ్ళీ ఫోను! లేవబోయిన కోడల్ని కదలనివ్వలేదు ఆవిడ.

"హలో... ప్రెసిడెంటు గారా! పెద్ద కంపెనీ మాట మర్చిపొమ్మంటారా? ఎప్పుడో మర్చిపోయాం లెండి... ఏంటీ, నేనెవరినా?"

ఆవిడ నిటారుగా సర్దుకుని కూర్చుంది.

"ఓనరుగారి అత్తగారిని!"