పట్టి నిలిపేవాళ్ళు

ప్లేనో ఊరి చివర అప్పటికింకా పత్తి చేలుండేవి. ఆ చేల అంచున ఎర్ర ఇటుకల భవనం ఒకటి, మఠంలో చేరి ముసలివాళ్ళైన క్రైస్తవ సిస్టర్లు చివరి రోజులు గడుపుకునే చోటు. నర్సులకి సాయంగా వసుమతి అక్కడ చేరి ఏడాది కావస్తోంది. పక్కలు మార్చడం, సూప్ తాగించడం, నర్సు ఇచ్చిన మాత్ర మింగించడం. ఇంటర్ తప్పిన పిల్లకి అంతకంటే ఏం దొరుకుతుంది. అయినా ఆమెకి ఆ చోటు ఇష్టం. మైనం వాసన, నేల పాలిష్ వాసన, ఉడికిన క్యారెట్ వాసన, గాలికి కొట్టుకునే కిటికీ తలుపు... కలలు కనేవాళ్ళకి అనువైన ఇల్లు అది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ప్రార్థన గది ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. పగలైనా రాత్రైనా ఎవరో ఒక సిస్టర్ దీపం ముందు మెలకువగా కూర్చోవాలి. మధ్యాహ్నం వంతు సిస్టర్ బెనెడిక్టాది. ఆవిడ ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పింది. ఎన్నో వందల ఏళ్ళ కిందటి మతగురువుల మాటలు ఆవిడకి నోటికొచ్చు.

"మేస్త్రీ ఇల్లు కట్టి వెళ్ళిపోతాడు. ఇల్లు మాత్రం నిలబడే ఉంటుంది," అందొకరోజు. "లోకం అలా కాదు వసూ. అదిగో, ఆ కిటికీలోంచి పడే వెలుతురు లాంటిది. సూర్యుడు తప్పుకున్నాక అది గదిలో కాసేపైనా మిగులుతుందా? దేవుడు ప్రతి క్షణం పట్టుకుని ఉండబట్టే మనం ఉన్నాం. వదిలేస్తే చచ్చిపోవడం కూడా కాదు. అసలు లేకుండా పోవడమే."

వసుమతికి ఒళ్ళు జలదరించింది. ఎంత గొప్ప ప్రేమ, అనుకుంది.

"అందుకేనా మీరిక్కడ కూర్చునేది? మీరూ పట్టుకుంటున్నారా?"

"ఛ ఛ. పట్టుకునేది ఆయనొక్కడే. మేం ఊరికే తోడు మేలుకుంటాం. మనుషులు పట్టుకోలేరు. పట్టుకోవాలని చూడకూడదు కూడా."

"చూస్తే ఏమవుతుంది?"

సిస్టర్ జపమాల పూస ఒకటి జరిపి, సూప్‌లో ఉప్పు తక్కువైందని చెప్పింది.

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. మధ్యాహ్నమే ఆకాశం చిలుం పట్టిన రాగి చెంబులా తయారైంది. వసుమతి మాటిమాటికీ కిటికీ దగ్గరికి వెళ్తోంది. ఆమె భర్త దామోదర్‌కి ఓక్లహోమాలో ఆయిల్ బావుల దగ్గర మెషీన్లు చూసుకునే పని. వారమంతా అక్కడే. శుక్రవారం కార్‌లో ఇంటికొస్తాడు.

"ఏమే, ఎదురుచూపుల నాయికా," అంది నర్సు ఉష, బెజవాడ మనిషి. "వస్తాడులే మీ వారాంతపు మొగుడు. మిగతా రోజులు ఎలాగూ ఫోటోతోనే కాపురం కదా నీకు."

నిజమే. పెళ్ళికని సెలవు పెట్టి వచ్చి, తాళికట్టి, దామోదర్ వెంటనే వెళ్ళిపోయాడు. వీసా వచ్చేదాకా ఏడాదిన్నర ఆమె తలగడ కింద ఉన్నది పెళ్ళిచూపులకి పంపిన ఫోటోనే. సూటు, టై, ముఖం కొంచెం పక్కకి తిప్పి, పెదవుల మీద చిన్న నవ్వు. గడ్డం మీద సైకిల్ మీంచి పడ్డ మచ్చ మనిషికి ఉంది గానీ ఫోటోలో లేదు. "స్టూడియో వాడు టచప్ చేశాడు. అది చూసి మోసపోయావు నువ్వు," అని దామోదర్ ఏడిపించేవాడు.

నాలుగు కాకముందే సుడిగాలి వస్తోందని సైరన్ మోగింది. సిస్టర్లందరినీ కిటికీలు లేని నడవలోకి చేర్చారు. బెనెడిక్టా మాత్రం కదల్లేదు. ప్రార్థన గది ఖాళీ చేయకూడదంతే. వసుమతి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, రోజూ అలవాటైన చేత్తో మాత్ర మింగించింది. మింగించాక గుర్తొచ్చింది... అది నిద్రమత్తు తెచ్చే మాత్ర. వంతు ముగిశాక ఇవ్వాల్సింది.

కరెంటు పోయింది.

ఉష తలుపు కొంచెం తెరిచింది. "వసూ, రేడియోలో చెప్తున్నారు. ఓక్లహోమా దారిలో బ్రిడ్జి కొట్టుకుపోయిందట. కార్లు కూడా... నువ్వు కంగారు పడకు." తలుపు మూసుకుంది.

వసుమతి కంగారు పడలేదు. ఒళ్ళంతా మొద్దుబారింది, చన్నీళ్ళలో నానిన వేళ్ళలా.

"సిస్టర్," అంది మెల్లగా. "మా ఆయన దారిలో ఉన్నాడు."

"మెలకువగా ఉండు..." ఆవిడ మాట ముద్దగా వచ్చింది. "ఊరికే... మెలకువగా..."

తల వాలిపోయింది. గాలికి దీపం కూడా ఆరింది. కాలిన వత్తి వాసన. వాన చప్పుడు. చీకటి.

ఇప్పుడు ఎవరు మేలుకున్నట్టు? ఎవరు పట్టుకున్నట్టు?

నేనే, అనుకుంది వసుమతి. నేనే పట్టుకుంటాను.

కళ్ళు మూసుకుని దామోదర్‌ని తలుచుకోబోయింది. రాలేదు. లుంగీలో దామోదర్, కాఫీ ఊదుకుంటున్న దామోదర్, ఏదీ నిలవలేదు. నీళ్ళ మీద వేసిన ముద్రలా చెదిరిపోతున్నాయి. చెదరకుండా వచ్చింది ఒక్కటే. సూటు, టై, పక్కకి తిరిగిన ముఖం. ఏడాదిన్నర రోజూ చూసిన ముఖం. దాన్నే పట్టుకుంది. పళ్ళు బిగించి పట్టుకుంది.

వెనక బెంచీ కిర్రుమంది... ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నట్టు.

"ఉషా?"

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నెమ్మదిగా... ఆమె పీల్చినప్పుడే పీలుస్తూ.

ఆమె తల తిప్పలేదు. తిప్పితే ముఖం జారిపోతుందని.

లైట్లు వచ్చేసరికి వెనక ఎవరూ లేరు. సిస్టర్ బెనెడిక్టా నిద్రలోనే పోయింది.

చీకటి పడే వేళకి ఉష ఆమెని అపార్ట్‌మెంట్ దగ్గర దింపింది. "పైకి రానా?" అంది. వద్దంది వసుమతి. కింద దామోదర్ కార్ లేదు. పైన తలుపు గొళ్ళెం తీసే ఉంది.

అతను సోఫాలో కూర్చుని ఉన్నాడు. సూటు, టై. బయట అంత వానలో ఒక్క చుక్క తడి లేదు. ముఖం కొంచెం పక్కకి తిరిగి ఉంది. చిన్న నవ్వు.

"వచ్చేశారా," అంది.

"వచ్చేశాను వసూ."

"బ్రిడ్జి కొట్టుకుపోయిందన్నారు."

"వచ్చేశాను."

దగ్గరికెళ్ళి అతని గడ్డం మీద బొటనవేలితో రాసింది. నున్నగా ఉంది. మళ్ళీ రాసింది. మచ్చ లేదు. చీకట్లో తను పట్టుకున్నది మనిషిని కాదనీ, స్టూడియో వాడు దిద్దిన ఫోటోననీ అప్పుడు తెలిసింది. అరవాలి. ఏడవాలి. ఏదీ రాలేదు. పోనీలే, ఉన్నాడుగా, అనుకుంది. వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టింది. అతను కంచం వైపు తిరగలేదు. ముఖం ఆ పక్కకే.

ఇంకొకటి కూడా తెలిసింది. చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆమెకి కునుకు పట్టబోతే ఆ చెయ్యి తేలికవుతోంది. కళ్ళు విప్పితే మళ్ళీ బరువెక్కుతోంది. వదిలేస్తే అసలు లేకుండా పోవడమే.

కాబట్టి నిద్ర మానేసింది. పనికి వెళ్ళలేదు. ఫోన్ మోగితే తీయలేదు. బ్రిడ్జి కింద ఏం దొరికిందో చెప్పడానికి ఎవరైనా చేస్తున్నారేమో. మొహాన చన్నీళ్ళు కొట్టుకుంది, కాఫీ తాగింది, నోట్లో పచ్చిమిరపకాయ కొరికి పట్టుకుంది. పగలూ రాత్రీ ఒకే రంగులోకి వచ్చేశాయి. భయం లేదు, దుఃఖం లేదు. మేలుకోవడం ఒక్కటే.

చివరికి ఒళ్ళు ఓడిపోయింది. ఎంతసేపు నిద్రపోయిందో తెలీదు. లేచేసరికి కిటికీలో ఎండ నిండుగా ఉంది.

చేతిలో చెయ్యి ఉంది. బరువుగానే ఉంది.

"నేను నిద్రపోయాను," అంది. "మీరు... ఎలా ఉన్నారు?"

"పర్లేదు, పడుకో," అన్నాడు గోడ వైపు చూస్తూనే. "ఇంకెవరో పట్టుకున్నారు."

"ఎవరు?"

"ఎవరో. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఇద్దర్నీ పట్టుకున్నారు."

గది ఖాళీగా ఉంది. ఎండలో దుమ్ము కదలకుండా నిలబడి ఉంది. వసుమతికి జబ్బ మీద దురదగా అనిపించి జాకెట్టు చెయ్యి పైకి లాగింది. చిన్నప్పుడు బళ్ళో వేసిన టీకా మచ్చ, రూపాయి బిళ్ళంత ఉండేది, అక్కడ లేదు. వేలితో వెతికింది. చర్మం నున్నగా ఉంది... ఆ మచ్చ ఉండేదని తెలియనివాళ్ళెవరో దిద్దినట్టు.