గురువారం నాటి పట్టుబడి

బీరువాలో నాలుగు లక్షల ఎనభై మూడు వేలు లేవు.

గురువారం ఉదయం 8.10కి పెట్టానన్నాడు భర్త. మధ్యాహ్నం 1.20కి చూస్తే లేవన్నాడు. ఆ మధ్యలో ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టిన, పెళ్లై అరవై రెండు రోజులైన భార్య.

శనివారం ఉదయం 9.40కి ఎస్సై ఉమాకుమారి ఏలూరులోని ఆ అద్దె పోర్షన్ మెట్లెక్కింది. ఆమె పోలీసు ఉద్యోగంలోకి రాకముందు ఆరేళ్లు తండ్రి ఐస్ దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ఎదుటి మనిషి కన్నీళ్ల కంటే అతను చెప్పే అంకెలు ముందు వినడం అక్కడే అలవాటైంది.

కంప్లయింట్ ఇచ్చిన భానుప్రకాష్ కుర్చీ వేశాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నలగని ముఖం.

"డబ్బు ఎక్కడిది?"

"చెరువు పట్టుబడి అండీ. కైకలూరు అవతల ఎనిమిదెకరాలు లీజుకు చేస్తున్నాం. గురువారం తెల్లవారుజామున కొంత చేప తీశాం."

"ఎంత తూగింది?"

"నాలుగు వేల రెండొందల కేజీలండీ. కేజీ నూట పదిహేను."

"కొన్నదెవరు?"

"బయటి లారీ. నా ఫ్రెండ్ హర్షవర్ధన్ కుదిర్చాడు. క్యాష్ ఇచ్చేసి వెళ్లిపోయారు."

కాటా చీటీ చూపించాడు. కింద హర్షవర్ధన్ సంతకం. ఉమాకుమారి మనసులోనే గుణించింది. లెక్క తప్పలేదు.

"మీ ఆవిడ ఎక్కడ?"

భానుప్రకాష్ తల్లి వైపు చూశాడు. రత్నమాణిక్యం కొంగుకు ముడేసిన తాళంచెవి విప్పి వెనక గది తలుపు తీసింది.

సాయిదుర్గ నేల మీద కూర్చుని ఉంది. జుట్టు విరబోసి ఉంది. పెదవులు అట్టకట్టాయి.

"జుట్టెందుకు అలా ఉంది?"

"జడలో దాచిందేమోనని విప్పి చూశామమ్మా," అంది రత్నమాణిక్యం, బియ్యంలో రాళ్లు ఏరామన్నంత మామూలుగా.

"అయిదు లక్షలు జడలో పడతాయా?"

"కొంతైనా పడతాయి కదమ్మా."

"అన్నం పెట్టారా?"

"డబ్బు ఎక్కడుందో చెబితే పెడతామన్నాం. చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం నుంచి మంచినీళ్లే. మొండి ఘటం."

ఉమాకుమారి కానిస్టేబుల్‌ను ఇడ్లీకి పంపింది. సాయిదుర్గను చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టింది.

అక్కడ ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ఈ సంబంధం కుదిర్చిన పట్టాభిరామయ్య. తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే వచ్చాడు.

"పోలీసుల దాకా ఎందుకమ్మా. అమ్మాయి దగ్గర అయిదు కాసుల బంగారం ఉంది. నేటి ధరకు సరిగ్గా సరిపోతుంది. సాయంత్రం అయిదింటికల్లా ఇచ్చేస్తే కంప్లయింట్ చింపేద్దాం. ఇవ్వనంటే కేసు రాసుకోండి."

కేసు రాస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. సాయిదుర్గ వార్డు సచివాలయంలో ఉద్యోగి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. దొంగతనం కేసు పడితే ఆ ఉద్యోగం నిలవదు. బంగారం ఇస్తే, తీశానని ఒప్పుకున్నట్టే. ఎటు తిరిగినా నష్టం ఒక్కరికే రాసి పెట్టి ఉంది.

అలా ఒకరికే నష్టం వచ్చే బేరం కుదిరిందంటే, తూకం వేసినవాడి చెయ్యి చూడాలి.

ఉమాకుమారి మిగతావాళ్లను బయటికి పంపి తలుపు వేసింది. సాయిదుర్గ మూడు ఇడ్లీలు తినేదాకా ఆగింది.

"ఇంటి ఖర్చులెలా నడుస్తాయమ్మా?"

"ఇద్దరిదీ ఒకటే అకౌంట్ మేడం. నా జీతం అందులోనే పడుతుంది. కొత్తిమీర కట్ట కొన్నా స్క్రీన్‌షాట్ పెట్టాలి. పెట్టకపోతే రాత్రి క్లాసు."

"చెరువు లీజు ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదే. ఆయనకు పాత అప్పులున్నాయని రైతు లీజు రాయనన్నాడు. నా జీతం చూపించి రాయించారు. మనిద్దరం ఒకటే కదా అన్నారు. ఆ అప్పులవాళ్లు ఈ ఆదివారం దాకే గడువిచ్చారు."

"బంగారం?"

"అదొక్కటీ కలపలేదు మేడం. పెళ్లైన రెండో వారమే అడిగారు. మా అమ్మ పదకొండేళ్లు మిషను కుట్టి చేయించింది. ఇవ్వనన్నాను. ఆ రోజు నుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదు."

"గురువారం పొద్దున్న డబ్బు చూశావా?"

"సంచి చూశాను. లోపల చూడలేదు. తాళం కూడా ఆయనే వేసుకున్నారు." ఇడ్లీ పొట్లం కాగితం మడిచింది. "నిన్న రాత్రికి నాకే అనుమానం వచ్చింది మేడం. ఆకలికి మతి పోయి నేనే ఎక్కడైనా పెట్టి మర్చిపోయానేమోనని."

సాయిదుర్గ ఫోన్ భర్త దగ్గరే ఉంది. ఉమాకుమారి తెప్పించింది. పేమెంట్లు ఒక్కొక్కటే వెనక్కి జరిపింది. పాలు, గ్యాసు, ఉల్లిపాయలు. ఒకచోట వేలు ఆగింది.

బుధవారం సాయంత్రం 5.52. సూరమ్మకు ఆరు వందలు. గురువారం ఉదయం 6.35. సూరమ్మకు ఆరు వందలు.

"సూరమ్మ ఎవరు?"

"చెరువు దగ్గర మేత సంచులు కట్టే ఆవిడండి. రెండు పూటలా కూలి నేనే వేస్తాను. ఆ పొద్దున్న కూడా ఆయన చెరువు దగ్గర నుంచి ఫోన్ చేసి వేయమన్నారు."

ఉమాకుమారి లేచి జీపు ఎక్కింది.

మధ్యాహ్నం 12.30. చెరువులో వరసగా వెదురు కర్రలు. కర్రకో తవుడు సంచి. సంచి చిల్లుల దగ్గర చేపలు మూతులు పెట్టి లాగుతున్నాయి. గట్టు మీద సూరమ్మ చిరిగిన సంచి కుడుతోంది.

"గురువారం వల దిగిందా పిన్నిగారూ?"

"ఏ గురువారమండీ?"

"మొన్న."

"మొన్న మేం సంచులు కట్టాం కదండీ. వల దిగితే మా అందరికీ కూరకు తలో చేపా ఇస్తారు. మొన్న మా ఇంట్లో పచ్చిపులుసేనండి." నవ్వింది. "అయినా ఈ చేప ఇంకా ముప్పాతిక కేజీ కూడా లేదు. ఇప్పుడు ఎవడు పడతాడండీ, మతి లేనోడు తప్ప?"

సాయంత్రం 4.35. ఏలూరు పోర్షన్‌లో అందరూ ఉన్నారు. హర్షవర్ధన్‌ను కూడా పిలిపించారు. పట్టాభిరామయ్య గోడ గడియారం చూస్తున్నాడు.

"ఇంకో పాతిక నిమిషాలుందమ్మా."

"చాలు బాబాయ్ గారూ," అంది ఉమాకుమారి. "రెండు రోజుల నుంచి డబ్బు ఎటు పోయిందని మీరంతా వెతికారు. అసలు వచ్చిందా అని ఎవరూ చూడలేదు."

పట్టాభిరామయ్య గడియారం మీంచి చూపు తిప్పాడు.

"మీది వరి పండే ఊరు బాబాయ్ గారూ, మీకు తెలియకపోవచ్చు. మా నాన్న చేపల వాళ్లకు ఐస్ అమ్మేవాడు. రేపు పట్టుబడి అనగా ఇవాళే చేపకు మేత ఆపేస్తారు. కడుపు నిండిన చేప ఐస్‌లో పెట్టినా దారిలో పాడైపోతుంది. ఏ లారీ వాడూ ముట్టుకోడు. భానుప్రకాష్ గారూ, బుధవారం సాయంత్రం మీ చెరువులో మేత కట్టారు. గురువారం తెల్లారాక మళ్లీ కట్టారు. కూలి ఇచ్చింది మీ జాయింట్ అకౌంట్. స్క్రీన్‌షాట్ మీ ఫోన్‌లోనే ఉంది."

భానుప్రకాష్ చేతిలోని ఫోన్ జేబులోకి తోసేశాడు.

"పట్టుబడి లేదు. డబ్బు లేదు. దొంగతనం లేదు. పాత అప్పు గడువు రేపటితో ఆఖరు, దానికే ఆ బంగారం. అంతేనా?"

హర్షవర్ధన్ ముందుగా నోరు విప్పాడు. "లోనుకు చూపించాలి, చీటీ రాసివ్వమన్నాడండీ. పెళ్లాం మీద కేసు పెడతాడని నాకు తెలియదండీ."

"మీకు మేత సంగతి తెలియక కాదు," అంది ఉమాకుమారి భానుప్రకాష్‌తో. "ఒక్క రోజు మేత ఆపితే చేప తూకం తగ్గుతుంది. ఉత్తుత్తి పట్టుబడి కోసం అంత నష్టం ఎందుకనుకున్నారు. చేపల్ని ఒక్క పూట పస్తు పెట్టడానికి మీకు మనసొప్పలేదు. పెళ్లాన్ని రెండు రోజులు పెట్టారు."

రత్నమాణిక్యం కొడుకు వైపు చూసింది. "ముందే చెప్పి ఉంటే ఆ మేత కూడా ఆపించేదాన్ని కదరా," అంది.

పట్టాభిరామయ్య చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

"మేడం, మాదంతా ఒకటే డబ్బు," అన్నాడు భానుప్రకాష్. "మొగుడూ పెళ్లాల మధ్య దొంగతనం ఏంటండీ?"

"అబద్ధపు ఫిర్యాదు. గదిలో పెట్టి తాళం. బంగారం కోసం పస్తు. వీటికి సెక్షన్లు వేరే ఉన్నాయి." ఉమాకుమారి తెల్ల కాగితం, పెన్ను సాయిదుర్గ ముందు పెట్టింది. "నీ ఇష్టం అమ్మా."

సాయిదుర్గ జుట్టు ముడేసుకుంది. పేజీన్నర రాసింది. తేదీలు, టైములు, ఎవరు ఏమన్నారో. ఎక్కడా కొట్టివేత లేదు.

తల్లినీ కొడుకునీ జీపు దగ్గరికి తీసుకెళ్లారు. మెట్ల దగ్గర భానుప్రకాష్ ఆగాడు. నెలన్నర తర్వాత మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు.

"సాయీ, బెయిల్‌కి లాయరుకి డబ్బు కావాలి. లీజు నీ పేరు మీదే ఉంది కదా. రేపు చెరువు పట్టించెయ్. అమ్మ కూడా ఉంది."

సాయిదుర్గ ఉమాకుమారి వైపు తిరిగింది. "మేడం, చేప ఎంతుందన్నారు సూరమ్మ గారు?"

"ముప్పాతిక లేదంది."

సాయిదుర్గ కాసేపు నేల చూస్తూ లెక్క వేసుకుంది. తర్వాత భర్తతో చాలా మెత్తగా అంది.

"ఇప్పుడు పడితే నష్టం అండీ. ఇంకో రెండు నెలలు మేపితే కేజీ దాటుతుంది. అప్పటిదాకా లోపలే ఉండండి."