పాటలో దొరికిన గొర్రెల దొంగ

తాండూరు దిక్కున ఒక గొర్రెల దొంగ పాటలో దొరికాడట అని పద్మమ్మ చెప్పింది. ఆమె చూసింది కాదు. పొద్దుటి రైల్లో వచ్చిన కూరగాయలామె తన చెల్లెలికి చెబితే, ఆ చెల్లెలు పద్మమ్మకు చెప్పింది. పద్మమ్మ మెట్లెక్కి వచ్చి మనీషాకు చెప్పేసరికి రెండు గొర్రెలు మందయ్యాయి, దొంగ చేతికి కత్తి కూడా వచ్చింది.

వికారాబాద్ స్టేషన్ రోడ్డులో పద్మమ్మ ఇంటి పైభాగమే ప్రైవేటు డిటెక్టివ్ పాండురంగం ఆఫీసు. ఏ కేసయినా పైకి రాకముందే కింద ఆమె వాకిట్లో దాని తీర్పు అయిపోతుంది. మనీషా ఆయన అసిస్టెంటు. హైదరాబాద్‌లో జర్నలిజం చదివింది. పాటలో హీరో చెప్పుల రంగుక్కూడా అర్థం చెప్పగలదు. సారంటే ఆమెకు అంతులేని గురి.

పద్మమ్మ ఇంకా మెట్లు దిగకముందే ఆ దొంగ భార్యే పైకొచ్చింది. పేరు సుమిత్రమ్మ, పెద్దేముల్ దగ్గరి పల్లె. మనీషా ఇచ్చిన నీళ్లు తాగి, కుర్చీ అంచున కూర్చొని సంగతి చెప్పింది.

ఆమె భర్త ఈరయ్య తన గొర్రెలతోపాటు ఊళ్లో సగం ఇండ్ల గొర్రెలను మేపుతాడు. ఆ నమ్మకమే వాళ్లకు బతుకు. తాండూరులో నాపరాళ్లు తవ్విన గుంతలో పాట తీస్తానని రిత్విక్ అనే దర్శకుడు మందను అడిగితే, ఈరయ్య సంతోషంగా తోలుకుపోయాడు. తనూ గొంగడి కప్పుకొని నిలబడ్డాడు. పాట ఫోన్లలోకి వచ్చింది. ఊరు మురిసిపోయేలోపే, ఆ మందలో రెండు గొర్రెల నడుముల మీద ఎర్ర చేతిముద్ర కనబడింది.

ఎర్ర చెయ్యి హన్మయ్య గొర్రెల గుర్తు. హన్మయ్య సుమిత్రమ్మకు అన్న వరస. తన అరచేతినే రంగులో ముంచి అద్దుతాడు. గడ్డి కోసే మిషన్లో పడి అతని చిటికెనవేలు సగమే మిగిలింది కనుక, ఆ ముద్ర మరొకరిది అనడానికి వీల్లేదు. పైగా షూటింగు రోజుల్లోనే అతని గొర్రెలు రెండు తప్పిపోయాయి. ఆదివారం కులపెద్దలు పంచాయితీకి కూర్చుంటారు.

“దొంగని పేరు వడ్డంక మాకు గొర్లు ఎవలిస్తరు సారూ? మా ఆయిన ముద్ద ముడుతలేడు. నా మందల ఎర్ర చెయ్యే లేకుండె అంటడు. పాటల సూస్తే సాఫ్ కనబడవట్టె.”

“నువ్వెవరిని నమ్ముతున్నవమ్మా?” అన్నాడు పాండురంగం.

“ఆయిననే. గని కండ్లు ఇంకోటి చెప్తున్నయి.”

పాండురంగం పాట పెట్టించాడు. మొదటి చరణమంతా నీలం, బూడిద. నాపరాళ్లు, గుంతలో నిలిచిన నీళ్లు, హీరోయిన్ ఓణీ అన్నీ ఆ రంగులే. రెండో చరణంలో హీరో వచ్చాడు. ఆమె గాజులు ఎర్రబడ్డాయి, అతని రుమాలు ఎర్రబడింది, నీళ్లు తాగుతున్న రెండు తెల్ల గొర్రెల నడుముల మీద ఎర్ర చేతులు వెలిశాయి. చివర విందు. పొయ్యి మీద గుండిగ, బంతిలో విస్తళ్లు, వాటిలో మటన్ కూర.

“ప్రేమకు ముందు బతుకు బండ, ప్రేమ తర్వాత నెత్తురు. అదీ సార్ దీని లెక్క,” అంది మనీషా. “ఆ రెండు గొర్రెలు వాళ్ల జంటకు గుర్తు. ఇంకోటి చూడండి. గొర్రె మీద ఎరుపుంది, నీళ్లలో దాని నీడకు లేదు. పైకి ప్రేమ పుట్టింది గాని లోపల భయం పోలేదని డైరెక్టర్ చెప్తున్నడు.”

ఈరయ్యకు జరిగిన అన్యాయం కూడా ఆమె పట్టుకుంది. మంద ఆయనదే అయినా ఆయన ముఖం ఒక్కసారీ కనబడదు. గొర్రెలకున్నపాటి క్లోజప్ కాపరికి లేదు. అదే మొదటి చరణంలో వెనక వరుసలో, బండ చాటున సగం చెయ్యి మాత్రమే కనబడ్డ డ్యాన్సరు ఒకడు, విందులో హీరో పక్కన కూర్చొని బొక్క కొరుకుతూ తెరనిండా ఉన్నాడు. ఎవరని అడిగితే, హన్మయ్య కొడుకు మల్లేశ్ అని, డ్యాన్సంటే పానం ఇడుస్తడని సుమిత్రమ్మ చెప్పింది.

పాండురంగం నీళ్ల షాటును మళ్లీ మళ్లీ వేయించాడు. చాయ్‌లో ముంచిన బిస్కట్టు కరిగి అడుగున పడిన సంగతి కూడా ఆయన చూసుకోలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరూ తాండూరులో ఉన్నారు. బండలు పాలిష్ చేసే షెడ్డు పైన రిత్విక్ ఎడిటింగు గది. గొర్రెల పంచాయితీ మొదలయ్యాక పాట చూసేవాళ్లు తెగ పెరిగారు. రిత్విక్ చూపు మాటిమాటికీ ఆ అంకె మీదికే పోతోంది.

“గొర్లకు రంగు ఎవరు పూసిన్రు?” అన్నాడు పాండురంగం.

“ఎవరూ పూయలేదు సార్.”

“హన్మయ్య మందను ఎన్నడన్న చూసినవా?”

“ఆ ఊరి దిక్కే పోలేదు సార్.”

“విందుకు మటన్ ఎవరు తెచ్చిన్రు?”

“ప్రొడక్షన్ వాళ్లు చూసుకున్నరు.”

“ప్రొడక్షన్ వాళ్లంటే?”

రిత్విక్ తెర మీంచి చూపు తిప్పి, “నేనే సార్,” అన్నాడు.

శనివారం అందరినీ ఆ గదికే పిలిపించాడు పాండురంగం. కులపెద్ద బిచ్చయ్య కుర్చీలో కూర్చున్నాడు. హన్మయ్య మీసం మీద చెయ్యి వేసుకొని వచ్చాడు. మల్లేశ్ తండ్రి వెనక నిలబడ్డాడు. ఈరయ్య మూలన, గొంగడి భుజాన వేసుకొని, గోడకు ఆనుకున్నాడు. సుమిత్రమ్మ అతని పక్కనే ఉంది.

పాండురంగం పాటను నీళ్ల దగ్గర ఆపాడు. “బిచ్చయ్యా, నీళ్లల్ల నీడ ఎట్ల వడ్తది?”

“మీద ఎట్లుంటే గట్లనే.”

“మరి గీ గొర్రె నడుం మీద ఎరుపుంది. నీడల ఉన్నదా?”

బిచ్చయ్య లేచి తెర దగ్గరికి ముఖం పెట్టి చూశాడు. లేదన్నాడు.

“మనీషా దాన్ని లోపలి భయం అన్నది. నాకు మాత్రం ఎగ్గొట్టిన పని లెక్క కనబడ్డది. రంగు గొర్రె మీద లేనే లేదు. కంప్యూటర్ల వేసిండు. ఎవరూ పూయలేదని నాతోని నిజమే చెప్పిండు. పైన వేసిండు గని నీళ్లల్ల వేయలేదు.”

“టైం లేకుండె సార్,” అని రిత్విక్ నసిగాడు.

మనీషా చెవులు ఎర్రబడ్డాయి. నీళ్లలో నీడను ఆ పిల్ల చూపకపోతే తనకూ దొరికేది కాదని పాండురంగం అందరి ముందే అన్నాడు. దాంతో ఆమె మెడ మళ్లీ నిటారయింది.

ఇక రెండో ముడి. తెర మీది చేతిముద్రను ఆయన పెద్దది చేశాడు. చిటికెనవేలు సగమే ఉంది. వట్టి ఎరుపే కావాలంటే దర్శకుడు ఏ గుండ్రటి మచ్చో వేసేవాడు. హన్మయ్య మందను చూడనివాడికి హన్మయ్య వేలు ఎట్లా తెలిసింది? ఆ గుర్తున్న గొర్రెలు ఆ గుంతలోకి వచ్చి ఉండాలి. వాటిని చూసి ముచ్చటపడి, ఫొటో తీసుకొని, ఈరయ్య గొర్రెల మీద అతికించాడు.

“అయితే నా గొర్లు ఏడున్నయి?” అన్నాడు హన్మయ్య.

“పాటల్నే ఉన్నయి. మందల కాదు, విస్తట్ల.”

విందు దృశ్యం తెర మీదికొచ్చింది. బండ చాటున సగం చెయ్యి చూపించినవాడు హీరో పక్కకు ఎట్లా వచ్చాడో చెప్పమని పాండురంగం మల్లేశ్‌ను అడిగాడు. మల్లేశ్ ఎక్కువసేపు నిలవలేదు. విందుకు కోసుకునే యాటలు తెస్తే ముందు వరుస ఇస్తానని రిత్విక్ ఆశపెట్టాడు. తండ్రి మందలోంచే రెండు తోలుకొచ్చిన మల్లేశ్, తప్పిపోయాయంటే ఆయన నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటాడనుకున్నాడు. తీరా నేరం మామ ఈరయ్య మీద పడేసరికి భయమేసి నోరు కుట్టుకున్నాడు. పంచాయితీ ముదిరేకొద్దీ పాట చూసేవాళ్లు పెరుగుతుంటే, రిత్విక్ కూడా కుట్టుకున్నాడు.

హన్మయ్య కొడుకు మీదికి చెయ్యెత్తాడు. బిచ్చయ్య ఆ చెయ్యి పట్టుకొని, ఆ రోజు విందుకు నువ్వు కూడా పోయినట్టుంది కదా అని నెమ్మదిగా అడిగాడు. హన్మయ్య చెయ్యి దానంతటదే దిగింది.

“పోయిన. కూరల ఉప్పు జర తక్కువుండె.”

ముందు సుమిత్రమ్మ నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు, కొంగు అడ్డం పెట్టుకొని, ఆపుకోలేక నవ్వింది. తర్వాత గదంతా నవ్వింది. మల్లేశ్ కూడా నవ్వబోయి, తండ్రిని చూసి మానుకున్నాడు. ఎర్ర చేతులు తీసేసి, ఈరయ్య ముఖం కనబడేట్టు పాటను మళ్లీ పెడతానని రిత్విక్ ఒప్పుకున్నాడు. రేపటి పంచాయితీలో ఈరయ్య మీద మచ్చ లేదని తానే నిలబడి చెబుతానని బిచ్చయ్య మాటిచ్చాడు.

హన్మయ్య మూలకు పోయి ఈరయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“మనసుల వెట్టుకోకు బావా. ఫోన్ల ఎన్నిసార్లు సూసినా నా గొర్లే అనిపిచ్చె. నేనేం జేతు?”

అప్పటిదాకా నోరు విప్పని ఈరయ్య గొంగడిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

“ఫోన్ల అన్నిసార్లు సూస్తివి. మా గొర్ల దొడ్డికి ఒక్కనాడన్న వచ్చి సూడకపోతివి.”