ప్రాక్సీ పలికిన గొంతు

హాస్టల్లో అందరూ వాణ్ణి గుడ్లగూబ అనేవాళ్లు. ఊరికే అనలేదు లెండి. రాత్రంతా దుప్పటి కింద ఫోన్ వెలుగుతూనే ఉండేది. తెల్లారాక గురుడు గుర్రు మొదలెట్టేవాడు. వీడియోలు, ఆటలు, ముక్కూమొహం తెలియనివాళ్ల గొడవలు... పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. క్లాసు మొహం చూసి నెలలైంది. ఇప్పటికే తప్పిన పేపరు, ఈసారీ పోతే కాలేజీ నుంచి తీసేస్తారు. కుట్టుమిషను తొక్కి చదివిస్తున్న అమ్మకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

పరీక్ష రోజు పొద్దున రూమ్మేటు బూట్లు వేసుకుంటుంటే వాడు మంచం మీంచే నవ్వాడు.

"నీ మేలు మర్చిపోన్రా. నువ్వు ప్రాక్సీ పలక్కపోతే అటెండెన్స్ చాలక నన్ను పరీక్షకే రానిచ్చేవాళ్లు కాదు."

"నేనెప్పుడు పలికాను?"

"మరెవడు?"

"నువ్వేగా! వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంటావు. పలకరిస్తే పలకవు. పేరు పిలిస్తే మాత్రం ప్రెజెంట్ అంటావు. నేను బయల్దేరేటప్పుడు మంచం మీదుంటావు, వెళ్లేసరికి నాకంటే ముందే అక్కడుంటావు. ఎలా వస్తావురా బాబూ?"

"చెవిలో పువ్వులు పెట్టకు. నడు, వస్తున్నా."

ఒక్క వీడియో చూసి లేద్దామనుకున్నాడు. తలెత్తేసరికి హాస్టలంతా ఖాళీ. పడుతూ లేస్తూ పరిగెత్తాడు.

వరండాలో ఫినాయిల్ వాసన. లోపల కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి తన సీటు వెతుక్కున్నాడు.

ఎవరో కూర్చున్నారు.

తల వంచుకుని, ఆగకుండా రాస్తున్నారు. చొక్కా తనదే... తలలో రెండు సుడులు. 'నీకు రెండు పెళ్లిళ్లురా' అని అమ్మ నవ్వుతూ నిమిరే సుడులు.

కాపలా ఉన్న మేడమ్ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు కావాలి?"

"అది... నా సీటు మేడమ్."

ఆమె వాడి ఐడీ కార్డు తీసుకుని ఫొటో చూసింది. వాడి మొహం చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇది ఆ అబ్బాయిది. పోయిందని ఇందాకే చెప్పాడు," అని గుసగుసగా అంది. "నీకెక్కడ దొరికింది?"

తలుపు మూసేసింది.

వాడికి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంటికి ఫోన్ చేశాడు. అవతల మిషను చప్పుడు ఆగింది.

"అమ్మా... నేను."

"ఎవరు బాబూ?"

"నేనమ్మా! నీ కొడుకుని!"

"రాంగ్ నంబరు బాబూ. మావాడు పరీక్ష బాగా రాసి ఇప్పుడే వచ్చాడు. నా పక్కనే ఉన్నాడు."

"ఎవరమ్మా? పెట్టేయ్," అంది వెనక నుంచి అచ్చం తన గొంతే.

ఫోన్ తెగిపోయింది. వాడు కిటికీలోంచి మళ్లీ చూశాడు.

పరీక్ష ఇంకా సగం కూడా కాలేదు. ఆ సీట్లో ఉన్నవాడు ఇంకా రాస్తూనే ఉన్నాడు.