నైరుతి సందు

డార్విన్ ఊళ్ళో డిసెంబరు నెల ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. పొద్దున్న ఏడింటికే ఒళ్ళంతా జిడ్డు. స్నానం చేసి తుడుచుకునేలోపు మళ్ళీ చెమట. మబ్బు పడుతుంది, ఉరుముతుంది, చుక్క మాత్రం రాలదు. ఆ ఉక్కకి మనుషులు ఊరికే విసుక్కుంటారు. శేషగిరికైతే ఆ సాకు కూడా అక్కర్లేదు. బెజవాడలో ఉన్నప్పుడూ విసుక్కునేవాడే.

అతను వచ్చింది కంప్యూటర్ల పని మీద. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది అది. ముప్పై ఒకటో తారీకు దాటగానే కంప్యూటర్లు సంవత్సరాన్ని తప్పుగా చదివి కొంప ముంచుతాయని ప్రపంచమంతా హడలిపోతున్న రోజులు. ఓ ఆఫీసులో వాటిని పరీక్షించే కాంట్రాక్టు దొరికింది. వెంట భార్య చాముండేశ్వరి. ఆమెకి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకని ఇద్దరూ ఆ బిడ్డ గురించి గట్టిగా మాట్లాడుకోవడానికి కూడా భయపడేవాళ్ళు. ఇంకా ఉయ్యాల కొనలేదు, పేరు అనుకోలేదు.

ఇల్లు ఎంచింది చాముండేశ్వరే. పెళ్ళికి ముందు ఓ ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీసేది. అందుకే ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని ఆ ఇల్లు ఆమెకి తెగ నచ్చింది. టోక్యో నుంచి వచ్చిన ఓ ఆర్కిటెక్టు, ఆవిడ కూడా ఆడమనిషే, ముత్యాల వ్యాపారి ఒకాయన కోసం నాలుగేళ్ళ క్రితం కట్టిందట. వీధి వైపు ఒక్క కిటికీ లేదు. సున్నం లేదు, రంగు లేదు, ఉత్త కాంక్రీటు. దగ్గరికెళ్ళి చూస్తే గోడల మీద సెంట్రింగ్ చెక్కల ఈనెలు కూడా కనబడతాయి. వీధిలోంచి తిన్నగా గుమ్మంలోకి పోలేం. రెండు ఎత్తు గోడల మధ్య నడిచి, ఓసారి కుడికి, ఓసారి ఎడమకి తిరిగితే గానీ తలుపు రాదు. లోపల నడిమధ్య కప్పు లేని ముంగిలి. వంటగది ఇటు, పడగ్గది అటు. వాన పడితే పడుకోవడానికి కూడా గొడుగు వేసుకునే పోవాలి.

"ఇంట్లో గొడుగేంటే బాబూ" అన్నాడు శేషగిరి.

"మన మండువా ఇళ్ళల్లో వాన పడదా ఏంటి?"

"వాటికి చుట్టూ వసారా ఉంటుంది కదా. దీనికి అదీ లేదు."

పడగ్గది వెనక పొడుగాటి నడవా. ఆ నడవా చివర నైరుతి మూలలో గోడలు రెండూ కలవవు. నేల నుంచి కప్పు దాకా జానెడు సందు వదిలేశారు. అద్దం లేదు, రెక్క లేదు. మధ్యాహ్నం దాటాక అందులోంచి సన్నటి ఎండ గీత ఎదుటి గోడ మీద పడి మెల్లగా జరుగుతుంది. తాళాలిచ్చిన ఏజెంటు, మంచి పెద్దమనిషి, రెండుసార్లు చెప్పాడు. ఆ సందు మాత్రం మూయొద్దు, కట్టినావిడ పెట్టిన షరతు అదొక్కటే అని. ఎందుకని అడిగితే గాలి కోసమేనేమో అని భుజాలెగరేశాడు.

ఇంటితోపాటు ఇచ్చిన చిన్న పుస్తకంలో ఆవిడే ఇంగ్లీషులో రాసిపెట్టింది. గోడలకంటే వాటి మధ్య వదిలిన ఖాళీయే ఇల్లట. లోపలికి వచ్చింది ఏదైనా సరే ఎక్కడా చిక్కుపడకుండా బయటికి పోయే దారి ఉండాలట. ప్లాన్ మీద వీధి గుమ్మం నుంచి ఆ సందు దాకా సన్నటి గీత, చివర బాణం గుర్తు. చాముండేశ్వరికి ఆ గీత చూస్తే ముచ్చటేసేది. రోజూ సాయంత్రం నాలుగింటికి, బయట ఆకు కదలకపోయినా, చల్లటి గాలి ఒక్కటి గుమ్మంలోంచి వచ్చి, ముంగిలి దాటి, నడవా పొడుగునా పోయి ఆ సందులోంచి వెళ్ళిపోయేది. ఆమె ఆ వేళకి నడవాలో చాప పరుచుకుని పడుకునేది. పొట్ట మీంచి గాలి పోతుంటే ప్రాణం లేచొచ్చేది పాపం.

శేషగిరి ఊరుకుంటేగా. ఆ ప్లాన్‌ని బెజవాడలో తనకి తెలిసిన వాస్తు ఈశ్వరప్రసాద్ గారికి ఫ్యాక్స్ చేశాడు. అద్దె కొంపకి వాస్తేంటండీ అని చాముండేశ్వరి నవ్వింది. డిసెంబరు రెండో శనివారం పొద్దున్నే ఆయన ఫోను చేశాడు. ఎత్తింది ఆమే.

"నైరుతిలో కంత ఉంటే కడుపు నిలవదమ్మా. పన్నెండు దాటకుండా మూసెయ్యండి."

ఆ మాట విన్నాక ఆమె చదివిన చదువు నోరెత్తలేదు. "అలాగేనండి, ఇవాళే మూసేస్తాం" అంది.

శేషగిరి కారేసుకెళ్ళి ఇటుకలు, సిమెంటు తెచ్చాడు. ఇటుక సరిగ్గా కొలిచినట్టు ఆ సందులో ఇమిడింది. స్టూలెక్కి, తిట్టుకుంటూ, చెమటలు కక్కుతూ ఒకదాని మీద ఒకటి పేర్చి పన్నెండుకి పది నిమిషాల ముందు మూసేశాడు. కర్పూరం వెలిగించి కొబ్బరికాయ కొట్టారు. శనివారమైనా అతనికి ఆఫీసుంది. గడియారాలు రెండువేల సంవత్సరానికి జరిపి చూసే పరీక్ష ఆ మధ్యాహ్నమే పెట్టుకున్నారు.

"జాగ్రత్తే. తలుపేసుకో" అని వెళ్ళిపోయాడు.

చాముండేశ్వరి తలుపు జరిపి గడియ పెట్టింది. రెండు ముద్దలు తిని నడుం వాల్చింది. లేచేసరికి మూడున్నర. కర్పూరం వాసన ఇంకా ముక్కులు బద్దలయ్యేలా ఉంది. నడవాలోకి వెళ్ళి చూస్తే పొగ అలాగే ఉంది. తల ఎత్తులో, తెల్లగా, పల్చగా... కదలకుండా. చేత్తో విసిరింది. చెయ్యి దాటగానే మళ్ళీ అక్కడికే వచ్చింది.

ఇది పోదేంటి అనుకుంటూ వంటగదికి వెళ్ళి కాఫీకి గిన్నె దింపుతుంటే మూత జారి పడింది. గచ్చు మీద గిరగిరా తిరిగి ఆగింది. ఆమె వంగి తీసి గట్టు మీద పెట్టింది.

నడవాలో మూత పడిన చప్పుడైంది. గిరగిరా తిరిగి, ఆగింది.

చెవులు రిక్కించి నిలబడింది. కాసేపటికి నడవాలోంచే, మెల్లగా, శేషగిరి గొంతు.

"జాగ్రత్తే. తలుపేసుకో."

"ఏవండీ... వచ్చేశారా?"

ఆ గొంతు మళ్ళీ అదే మాట అంది. తర్వాత ఇటుక మీద తాపీ గీసిన చప్పుడు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. పొద్దుట్నించీ ఆ ఇంట్లో ఏ చప్పుడైందో అన్నీ ఆ నడవాలోనే ఉన్నాయి. ఒక్కటీ బయటికి పోలేదు.

ఆమె ఫోను దగ్గరికి వెళ్ళి ఆఫీసు నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. ఆడగొంతు. తన గొంతే.

"అలాగేనండి, ఇవాళే మూసేస్తాం" అంటోంది.

ఫోను పెట్టేసి ముంగిలిలోకి వచ్చింది. తలెత్తితే ఆకాశం కనబడుతూనే ఉంది, నల్లగా మబ్బు కమ్మి. కానీ గోడలు రెండు నిలువుల ఎత్తు. ఎవరైనా ఉన్నారా అని అరిచింది. ఆ కేక పైకి పోలేదు. నడవాలోకి పోయింది. అక్కడ్నించి తిరిగి వినబడింది.

ఇక ఈ ఇంట్లో ఉండకూడదు అనుకుంది. పొట్ట పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచింది. తలుపు తేలిగ్గానే జరిగింది. రెండు గోడల మధ్య దారి. కుడికి తిరిగింది. ఎడమకి తిరిగింది. ఎదురుగా వీధి ఉండాలి.

నడవా ఉంది. కర్పూరం పొగ. చివర ఇటుకలు.

వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. కుడికి... ఎడమకి... నడవా. మూడోసారి గోడకి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. చెయ్యి ఇటుకకి తగిలింది. ఆమె అక్కడే చతికిలబడి ఏడ్చేసింది. తప్పు నాదే, తెలిసుండీ మూయించాను అని తల కొట్టుకుంది.

గోడ మీది గడియారంలో నాలుగైంది.

గుమ్మం దగ్గర తలుపు జరిగిన చప్పుడైంది. ఇది నడవాలోంచి వచ్చే పాత చప్పుడు కాదు. కొత్తది. చల్లదనం వచ్చింది. రోజూ వచ్చేదే... కానీ ఇవాళ దానికి అడుగులున్నాయి. రోజూ ఉండేవేమో, ఆగకుండా పోయేది గనక వినబడలేదేమో. నింపాదిగా ముంగిలి దాటాయి. పడగ్గది దాటాయి. నడవాలోకి వచ్చాయి.

ఆమె పక్కనే ఆగాయి.

వెనక్కి వెళ్ళాయి. ముంగిలి దాకా పోయి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ ఆగాయి. దారి వెతుక్కుంటున్నాయి. మళ్ళీ వెళ్ళాయి. ఈసారి వేగంగా తిరిగి వచ్చాయి.

శేషగిరి వదిలేసి వెళ్ళిన సుత్తి స్టూలు కింద ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని ఇటుకల మీద కొట్టింది. నాలుగు గంటల కిందట పెట్టిన సిమెంటు. పచ్చిగా ఉండాలి. చిన్న పెచ్చు కూడా ఊడలేదు. మళ్ళీ కొట్టింది. చేతులు అదిరిపోయాయి. పొట్టలో బిడ్డ కదిలింది, గట్టిగా.

వెలుతురు వచ్చింది. ఎదుటి గోడ మీద ఎండ గీత... సన్నగా, పచ్చగా, నడవా పొడుగునా. బయట ఎండ లేదు. సందు మూసేసి ఉంది. అయినా గీత ఉంది. నడవా మొదట్లో దాన్ని ఏదో అడ్డుకుంది. గీత అక్కడ తెగింది. ఆ తెగిన చోటు జరుగుతోంది. ఆమె వైపు.

చాముండేశ్వరి ఇటుకలకి వీపు ఆనించి నిలబడిపోయింది. రెండు చేతులూ పొట్ట చుట్టూ వేసుకుంది.

"తీస్తాను" అంది. "నీ దారి నీకు తీసేస్తాను... ఆయన్ని రానీ... నా బిడ్డ జోలికి రాకు."

అడుగులు ఆగలేదు. ఎదురుగా మనిషి ఉన్నట్టే చూడలేదు అది. రోజూ పోయే చోటికి పోతోంది, అంతే. ఆమె సరిగ్గా ఆ చోట నిలబడి ఉంది.

కళ్ళు మూసుకుంది. చల్లగా... బొడ్డు దగ్గర... చాలా చల్లగా.

తర్వాత ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి నడవా ఖాళీ. పొగ లేదు, గీత లేదు, ఏ చప్పుడూ లేదు. ముంగిలిలో టపటపా వాన మొదలైంది. ఆమె గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరిగింది. వీధి వచ్చింది. పేవ్‌మెంట్ మీద వానలో కూలబడి, బయటపడ్డాం నాన్నా, బయటపడ్డాం అని పొట్ట నిమురుకుంటూ ఉండిపోయింది. శేషగిరి వచ్చేదాకా లేవలేదు.

ఎప్పుడూ విసుక్కునేవాడు ఆ రోజు విసుక్కోలేదు. అంతా విన్నాడు. లోపలికి వెళ్ళి ఇటుకలు ఊడబీకాడు. సుత్తి కూడా అక్కర్లేకపోయింది, పచ్చి సిమెంటు చేతికే వచ్చేసింది. రాత్రి వేరే చోట పడుకున్నారు. ఆదివారం సామాన్లు సర్దడానికి వచ్చినప్పుడు చాముండేశ్వరి పట్టుబట్టి నాలుగింటిదాకా ఆగింది. సందు తెరిచే ఉంది. గాలి మాత్రం రాలేదు.

"కోపమొచ్చి పోయిందేమోలే. పీడ విరగడైంది" అన్నాడు శేషగిరి. ఆమెకీ అలాగే అనుకోవాలని ఉంది.

సోమవారం క్లినిక్‌కి వెళ్ళారు. బాగా ఓపికున్న నర్సు. పొట్ట మీద జెల్లు రాసి, చిన్న మిషను పెట్టి అటూ ఇటూ జరిపింది. స్పీకర్‌లోంచి బిడ్డ గుండె వినబడింది. టకటకా, హుషారుగా పరిగెడుతోంది. శేషగిరి కళ్ళనీళ్ళు పెట్టుకుని, సిగ్గేసి కిటికీ వైపు తిరిగాడు. చాముండేశ్వరికి రెండు రోజుల తర్వాత ఊపిరి ఆడింది.

నర్సు మిషను కొంచెం కిందికి జరిపింది. అక్కడ ఇంకో చప్పుడుంది. నెమ్మదిగా, బరువుగా. ఒకటి... ఆగి, ఇంకొకటి.

"కంగారు పడకండి. అది మీ గుండే. ఒక్కోసారి అమ్మది కూడా ఇలా దొరుకుతుంది" అంది నర్సు నవ్వుతూ, సరిచూడ్డానికి ఆమె మణికట్టు పట్టుకుంది.

చాముండేశ్వరి నాడి ఆ వేళ్ళ కింద దడదడా కొట్టుకుంటోంది. స్పీకర్‌లోది నింపాదిగానే ఉంది.

నర్సు తన వాచీ చూసుకుంది. మిషను వైపు చూసింది. నవ్వు తగ్గింది. మణికట్టు వదలకుండా, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.